రేషన్ షాపులో ఫొటో ఎవరిది? సంక్షేమంలో పెత్తనం, చిన్నచూపు పనిచేసే తీరు

సంక్షిప్తంగా: ప్రజల సొమ్ముతో నడిచే పథకం నాయకుడి దానంలా కనిపించడానికి ఆయన మనస్తత్వం కంటే పంపిణీ పద్ధతే పెద్ద కారణం. ఎవరికి వస్తుందో, ఎందుకు ఆగిందో దరఖాస్తు పెట్టినవారికి తెలియని చోట మధ్యవర్తి పుడతాడు. నిబంధన తనంతట తాను పనిచేసే చోట అతనికి పని ఉండదు. అక్కడ ఆ స్థానంలోకి ఫొటోలు, పేర్లు, సభలు వస్తాయి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ రెండు రకాలూ పక్కపక్కనే నడుస్తున్నాయి.

బీర్కూరులో జరిగింది

2022 సెప్టెంబరులో కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ కామారెడ్డి జిల్లా బీర్కూరులో ఒక రేషన్ షాపుకు వెళ్లారు. అక్కడ ప్రధాని ఫొటో ఎందుకు లేదని అడిగారు. కిలో బియ్యానికి అయ్యే ఖర్చులో కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత అని అందరి ముందే జిల్లా కలెక్టర్‌ను ప్రశ్నించారు. ఆయన వెంటనే జవాబు చెప్పలేకపోయారు. దీనికి బదులుగా, అప్పుడు రాష్ట్రంలో అధికారంలో ఉన్న టీఆర్ఎస్ శ్రేణులు గ్యాస్ సిలిండర్లపై మోదీ ఫొటో అతికించి, పక్కనే 1,105 రూపాయల ధర రాసి ప్రచారం చేశాయి.

ఎవరి వాటా ఎంత అన్న వాదన కొద్ది రోజులు నడిచింది. బియ్యం ‘ఇచ్చేది’ తామేనని రెండు పక్షాలూ అన్నాయి. ఆహార భద్రత చట్టం వచ్చింది 2013లో. దాని కింద ప్రాధాన్య కుటుంబాల్లో ఒక్కొక్కరికి నెలకు 5 కిలోలు చట్టప్రకారం రావాలి. ఇక ఆ డబ్బు కేంద్రానిదైనా, రాష్ట్రానిదైనా పన్నుల నుంచి వచ్చిందే. అగ్గిపెట్టె కొన్నప్పుడు కూడా పన్ను కట్టే మనిషే ఆ షాపు ముందు క్యూలో నిలబడతాడు. ఫొటో గొడవలో అతని ప్రస్తావన పెద్దగా రాలేదు.

ఇది ఒక్క పార్టీ అలవాటు అనుకుంటే పొరపాటే. 2017లో నంద్యాల ఉప ఎన్నికకు ముందు చంద్రబాబు నాయుడు, తానిచ్చే పింఛను తీసుకుంటూ, తాను వేసిన రోడ్ల మీద నడుస్తూ తనకెందుకు ఓటేయరని అడిగారు. అప్పట్లో దానిపై విమర్శలు వచ్చాయి. పథకాల గురించి మన నాయకులు మామూలుగా మాట్లాడే భాష మాత్రం దానికి ఎంతో దూరంలో లేదు.

దొర పోయాడు, పని మిగిలింది

నిజాం పాలనలో తెలంగాణ గ్రామాల్లో దొర ఉండే కోటలాంటి ఇల్లు, గడీయే కోర్టు, బ్యాంకు, పోలీసు స్టేషను కూడా. కరువులో గింజలు అప్పిచ్చేది, పంచాయితీ తీర్చేది, పై అధికారికి చెప్పి పని చేయించేది దొరే. దానికి బదులు వెట్టి చేయాలి. ‘నీ బాంచన్, కాల్మొక్తా’ అన్న మాట ఆ సంబంధంలోంచి వచ్చిందే. 1946–51 సాయుధ పోరాటం, 1949లో జాగీర్దారీ రద్దు ఆ వ్యవస్థను చాలావరకు కూల్చాయి.

ఆంధ్ర ప్రాంతంలో ఈ పెత్తనం మరో రూపంలో, కరణం, మునసబుల చేతుల్లో ఉండేది. కరణానికి ఊళ్లో అందరికంటే ఎక్కువ పొలం ఉండాల్సిన అవసరం లేదు. ఎవరి పొలం ఎవరి పేరున ఉందో చెప్పే అడంగల్ అతని ఇంట్లో ఉంటే చాలు. ఒక సర్వే నంబరు పక్కన పేరు మారితే కుటుంబం రోడ్డున పడేది. అందుకే అతన్ని చూసి లేచి నిలబడేవారు. దొర బలం భూమి, కొరడా అయితే కరణం బలం ఆ కాగితం. నేటి రాజకీయ పెత్తనానికి దగ్గరి చుట్టం దొరతనం కంటే కరణీకమే అనాలి.

ఎన్టీ రామారావు ప్రభుత్వం 1984లో ఈ గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసింది. తర్వాత తాలూకాల స్థానంలో మండలాలు తెచ్చి ఆఫీసును ఊరికి దగ్గర చేసింది. వంశపారంపర్య పెత్తనంపై అంత గట్టి దెబ్బ మరొకటి పడలేదు. అయితే కరణం పోయినంత మాత్రాన కరణంతో జనానికి ఉన్న పని పోలేదు. సర్టిఫికెట్ కావాలి, పట్టా కావాలి, కార్డు కావాలి. మండలాఫీసులో ఎవరితో మాట్లాడాలో తెలిసిన మనిషి కావాలి. చాలా ఊళ్లలో ఆ స్థానంలోకి పార్టీ కార్యకర్త వచ్చాడు. అతను వంశం వల్ల కాక ఎన్నికల్లో గెలుపు వల్ల అక్కడికి చేరినవాడు కాబట్టి ఐదేళ్లకోసారి మారతాడు. ఇది చిన్న తేడా కాదు. జనానికి బేరం చేసే వీలు మొదటిసారి దొరికింది అక్కడే.

పైరవీ ఎక్కడ పుడుతుంది

అన్ని పథకాల చుట్టూ పైరవీ ఒకేలా ఉండదు. ఏ పథకానికి జనం ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసు ముందు నిలబడతారు, దేనికి నిలబడరు అని చూస్తే ఒక లెక్క దొరుకుతుంది. కార్డు ఉన్నవాళ్లందరికీ బియ్యం వస్తాయి కాబట్టి నెలవారీ బియ్యం కోసం ఎవరూ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లరు. కొత్త కార్డు కోసం మాత్రం వెళ్తారు. తెలంగాణలో ఏళ్ల తరబడి కొత్త కార్డులు సరిగా ఇవ్వని కాలంలో ఆ తిరుగుడు ఇంకా పెరిగింది. అర్హులు ఎక్కువమంది, ఇచ్చేవి కొన్నే అయినప్పుడు, ఆ కొన్ని ఎవరికన్నది కాగితం మీద తేలనప్పుడు ఎంపిక చేసే మనిషికి విలువ వస్తుంది.

దళిత బంధు దీనికి స్పష్టమైన ఉదాహరణ. 2021 ఆగస్టులో హుజూరాబాద్‌లో మొదలైన ఈ పథకంలో కుటుంబానికి 10 లక్షల రూపాయలు, తిరిగి కట్టక్కర్లేని సాయం. ఇంత పెద్ద మొత్తం నేరుగా ఇవ్వడం దేశంలోనే అరుదు. కానీ హుజూరాబాద్ బయట తొలి విడతలో నియోజకవర్గానికి కొద్ది కుటుంబాలకే అవకాశం వచ్చింది. వేలమందిలోంచి ఆ కొద్దిమందిని ఎంచడంలో ఎమ్మెల్యే మాటే చెల్లింది. 2022లో విషయం హైకోర్టుకు చేరింది. ఎమ్మెల్యే సిఫారసు అక్కర్లేకుండానే దరఖాస్తులు పరిశీలించాలని కోర్టు చెప్పింది. 2023 ఏప్రిల్‌లో, కొందరు ఎమ్మెల్యేలు లబ్ధిదారుల దగ్గర 3 లక్షల దాకా వసూలు చేస్తున్నారని, ఆ జాబితా తన దగ్గర ఉందని ముఖ్యమంత్రి కేసీఆరే పార్టీ సమావేశంలో హెచ్చరించినట్టు వార్తలు వచ్చాయి. పథకం ఉద్దేశం శతాబ్దాల అణచివేతకు పరిహారం. ఎంపిక పద్ధతి మాత్రం ఆ అణచివేతకు గురైనవారినే మళ్లీ ఒకరి గుమ్మం ముందు నిలబెట్టింది.

వైద్య సాయంలో ఇదే తేడా ఇంకా దగ్గరగా కనిపిస్తుంది. 2007లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ తెచ్చింది. జాబితాలో ఉన్న జబ్బుకు జాబితాలో ఉన్న ఆసుపత్రిలో కార్డు చూపిస్తే వైద్యం అందాలి. పెట్టిన పేర్లు ఎన్ని మారినా దాని మూలం ఇదే. ఆసుపత్రుల బకాయిలు పేరుకుపోయినప్పుడు అది చిక్కుల్లో పడుతుంది కానీ, కాగితం మీద రోగి ఎవరినీ బతిమాలే పని లేదు.

అదే రోగి జబ్బు ఆ జాబితాలో లేకపోతే, లేదా దగ్గర్లో ఉన్నదని వేరే ఆసుపత్రిలో చేరితే, దారి ముఖ్యమంత్రి సహాయనిధి వైపు మళ్లుతుంది. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సులు ఒక కవర్లో పెట్టుకుని ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుకు వెళ్లాలి. పీఏ చూసి సిఫారసు లెటర్ వేయిస్తాడు. ఫైలు సచివాలయానికి వెళ్తుంది. లక్షల్లో బిల్లు అయితే మంజూరయ్యేది వేలల్లోనే కావచ్చు. ఎంత వస్తుంది, ఎప్పుడు వస్తుంది అన్నది ముందుగా చెప్పే పట్టిక జనం ముందు ఉండదు. నెలల తర్వాత ఫోన్ వస్తుంది, ఫలానా రోజు ఫంక్షన్ హాల్లో చెక్కుల పంపిణీ అని. ఆపరేషన్ అయిన మనిషో, ఆ మనిషి పోయాక మిగిలిన భార్యో వేదిక ఎక్కి, ఎమ్మెల్యేతో కలిసి చెక్కు పట్టుకుని కెమెరా వైపు చూడాలి. బ్యాంకు ఖాతా నంబరు దరఖాస్తులోనే ఉంది. అయినా చెక్కు చేతికే ఇస్తారు.

తెలంగాణలో కల్యాణలక్ష్మి చెక్కులకూ ఇలాంటి సభలే జరుగుతుంటాయి. ఖాతాలో వేస్తే అయ్యే పనికి సభ ఎందుకంటే, ఖాతాలో పడిన డబ్బుకు ముఖం ఉండదు.

మధ్యవర్తిని తీసేస్తే ఏం జరిగింది

2019లో ఆంధ్రప్రదేశ్‌లో జగన్మోహన్‌రెడ్డి ప్రభుత్వం చేసిన ప్రయోగం ఈ కోణంలో ఆసక్తికరమైనది. సుమారు 50 ఇళ్లకు ఒకరు చొప్పున రెండున్నర లక్షలకు పైగా వలంటీర్లను పెట్టింది. గౌరవ వేతనం నెలకు 5,000 రూపాయలు. ఒకటో తారీఖు తెల్లవారేసరికి పింఛను గుమ్మం దగ్గరికి వచ్చేది. మిగతా పథకాల డబ్బు ముఖ్యమంత్రి ‘బటన్ నొక్కితే’ ఖాతాలో పడేది. అంతకుముందు 2014–19 మధ్య లబ్ధిదారుల ఎంపికలో తెలుగుదేశం ప్రభుత్వం వేసిన జన్మభూమి కమిటీల పాత్ర మీద, పార్టీ చూసి ఇస్తున్నారన్న ఫిర్యాదులు చాలా వచ్చాయి. వలంటీర్లతో ఆ కమిటీల పెత్తనం పోయింది. మండలాఫీసు చుట్టూ తిరిగే పని తగ్గింది. మంచంలో ఉన్న వృద్ధులకు ఇది ఎంత ఉపశమనమో చెప్పనవసరం లేదు.

ఆ తర్వాత రెండు పరిణామాలు కనిపించాయి. ఒకటి, ప్రతి ఇంటి వివరాలూ తెలిసిన మనిషి ఒకరు తయారయ్యారు. వలంటీర్లు అధికార పార్టీకి అనుకూలంగా పనిచేస్తున్నారన్న ఆరోపణలతో 2024 మార్చి చివర్లో ఎన్నికల సంఘం వారిని నగదు పంపిణీకి దూరం పెట్టింది. ఏప్రిల్ ఎండల్లో వృద్ధులు గ్రామ, వార్డు సచివాలయాల ముందు, బ్యాంకుల ముందు నిలబడాల్సి వచ్చింది. తప్పు మీదంటే మీదని పార్టీలు తిట్టుకున్నాయి. ఒకే సన్నని దారం మీద అంత పెద్ద ఏర్పాటు వేలాడుతోందని అప్పుడు బయటపడింది.

రెండోది రాజకీయమైనది. ఊళ్లోని లోకల్ లీడర్‌కు చేతిలో ఇవ్వడానికి ఏమీ మిగల్లేదు. పని చేసిపెట్టానని చెప్పుకునే అవకాశమే లేనప్పుడు ఎన్నికల రోజు అతను ఎవరినీ గట్టిగా అడగలేడు. 2019లో 175కు 151 సీట్లు గెలిచిన పార్టీ 2024లో 11కు పడిపోవడానికి కారణాలు చాలా ఉన్నాయి. రాజధాని వివాదం, మద్యం, ఉద్యోగాలు, కూటమి లెక్కలు అన్నీ పనిచేశాయి. కింది స్థాయి నాయకులు నిరుత్సాహపడటం వాటిలో ఒకటని ఆ పార్టీవారే అన్నారు. పైరవీ తగ్గించే సంస్కరణకు సొంత పార్టీలోనే శత్రువులు ఎందుకుంటారో దీన్నిబట్టి అర్థమవుతుంది.

2024 జూలై నుంచి పింఛను 4,000 అయింది. పేరు ఎన్టీఆర్ భరోసా అయింది. పంచేది సచివాలయ సిబ్బంది. ఒకటో తారీఖున ముఖ్యమంత్రి ఏదో ఒక ఊరికి వెళ్లి స్వయంగా కొందరికి అందిస్తారు, ఎమ్మెల్యేలూ ఇళ్లకు వెళ్తారు. ఇంటి దగ్గరే పింఛను ఇచ్చే పద్ధతి అలాగే ఉంది. గుమ్మం ముందు నాయకుడి ముఖం మాత్రం తిరిగి వచ్చింది.

పేరు, ఫొటో, వరస

నిబంధన నేరుగా పనిచేసినకొద్దీ నాయకుడికి ఒక టెన్షన్ మొదలవుతుంది. ఇది నా వల్లే వచ్చిందని జనానికి గుర్తుండేదెలా? ఫొటోల పిచ్చికి ఇదే మూలం. ప్రభుత్వ ప్రకటనల్లో రాష్ట్రపతి, ప్రధాని, ప్రధాన న్యాయమూర్తి ఫొటోలు తప్ప వేరేవి ఉండకూడదని సుప్రీంకోర్టు 2015 మేలో చెప్పింది. రాష్ట్రాలు మళ్లీ కోర్టుకెక్కాక 2016 మార్చిలో ముఖ్యమంత్రులు, గవర్నర్లు, మంత్రులకూ అనుమతి ఇచ్చింది. ఏడాది కూడా నిలవని ఆ కట్టడిని కాదనడంలో పార్టీల మధ్య పెద్దగా విభేదం రాలేదు.

ఆంధ్రప్రదేశ్ భూముల రీసర్వేలో ఇది పరాకాష్ఠకు వెళ్లింది. రైతు పొలం గట్టున పాతిన సర్వే రాళ్ల మీద, పట్టాదారు పాస్‌బుక్ మీద జగన్ ఫొటో వచ్చింది. తాత నుంచి వచ్చిన పొలానికి ముఖ్యమంత్రి బొమ్మ ఎందుకన్న ప్రశ్న 2024 ఎన్నికల్లో బలంగా వినిపించింది. కొత్త ప్రభుత్వం రాజముద్రతో పాస్‌బుక్కులు ఇస్తామంది. బియ్యం, పింఛను విషయంలో సర్దుకున్న జనం భూమి దగ్గర సర్దుకోలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. బియ్యం ప్రభుత్వం దగ్గర్నుంచి వస్తాయి, పొలం అలా రాలేదు.

విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం 2022లో ఎన్టీఆర్ నుంచి వైఎస్సార్‌గా, 2024లో తిరిగి ఎన్టీఆర్‌గా మారింది. అక్కడి విద్యార్థుల సర్టిఫికెట్ల మీద ఎవరి పేరుండాలో తేల్చింది ఎన్నికలే.

ఇక వరసలు. నాయకుడు అన్న అవుతాడు, వృద్ధులకు పెద్దకొడుకు అవుతాడు, బడి పిల్లలకు మేనమామ అవుతాడు. మేనమామ పెట్టేది హక్కుగా అడగరు, పెడితే సంతోషిస్తారు, పెట్టకపోతే అలుగుతారు. ఆర్టీఐ దరఖాస్తు పెట్టరు. అయితే ఈ వరస ఒకవైపు నుంచే పనిచేయదు. పెద్దకొడుకు అన్నాక నెల తప్పితే అమ్మ నిలదీస్తుంది కూడా. పథకం ప్రకటించగానే కార్యకర్తలు ఫ్లెక్సీకి పాలాభిషేకం చేసే రాష్ట్రాల్లోనే, ఆ ఫ్లెక్సీలోని నాయకుడు తర్వాతి ఎన్నికల్లో ఓడిపోవడం మామూలే. 2023 తెలంగాణ ఎన్నికల్లో, రైతుబంధు, కల్యాణలక్ష్మి, పింఛన్లు ఇస్తున్న బీఆర్ఎస్ (పాత పేరు టీఆర్ఎస్) 119లో 39 సీట్ల దగ్గర ఆగిపోయింది. సాయం తీసుకున్నవారు కృతజ్ఞతతో కట్టుబడి ఉంటారన్న అంచనా మీద లెక్కలు వేసుకున్న పార్టీలు తెలుగునాట పదేపదే దెబ్బతిన్నాయి.

ఇవ్వనివారి చిన్నచూపు

పథకం ఇచ్చే నాయకుడు పైనుంచి చూస్తాడు సరే. పథకాలను వ్యతిరేకించేవారి చూపూ చాలాసార్లు పైనుంచే ఉంటుంది. 2022 జూలైలో ప్రధాని ఉచిత పథకాలను ‘రేవడీ’ సంస్కృతి, అంటే మిఠాయిలు పంచే సంస్కృతి అన్నారు. 2025 ఫిబ్రవరిలో నిరాశ్రయుల వసతి కేసు వింటూ సుప్రీంకోర్టు ధర్మాసనం, ఉచితాలతో పరాన్నజీవుల వర్గాన్ని తయారుచేస్తున్నామా అని ప్రశ్నించింది. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం విషయానికొస్తే, బస్సుల్లో బ్రేక్ డ్యాన్సులు వేసుకోమనండన్న కేటీఆర్ వ్యాఖ్యపై 2024 ఆగస్టులో దుమారం రేగింది. ఆయన విచారం వ్యక్తం చేసి మహిళా కమిషన్ ముందు హాజరయ్యారు.

నిజానికి ఆ బస్సు పథకంలో పైరవీకి చోటే లేదు. జాబితా లేదు, సిఫారసు లేదు. రాష్ట్రంలో చిరునామా ఉన్న కార్డు చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ కొడతాడు. ఎమ్మెల్యే భార్య ఎక్కినా, కూలికి వెళ్లే మనిషి ఎక్కినా అదే టికెట్. ఉన్నవాళ్లకెందుకు అన్న విమర్శ సబబుగానే వినిపిస్తుంది, ఆర్టీసీ మీద పడే భారమూ నిజమే. కానీ ‘నిజమైన పేదలకే’ అని గీత గీసిన మరుక్షణం, ఎవరు పేద అని తేల్చే కుర్చీ ఒకటి పుడుతుంది. తమిళనాడు రేషన్‌ను దాదాపు అందరికీ తెరిచి ఉంచడం వెనుక ఉన్న తర్కంలో ఇదీ ఒక భాగం.

పోలికకు మరో లెక్క. 2019 సెప్టెంబరులో కేంద్రం కంపెనీల పన్నును 30 నుంచి 22 శాతానికి తగ్గించింది. దానివల్ల ఏటా 1.45 లక్షల కోట్ల ఆదాయం వదులుకుంటున్నామని ప్రభుత్వమే చెప్పింది. ఏ కంపెనీ యజమానీ వేదిక ఎక్కి చెక్కు పట్టుకుని ఫొటో దిగలేదు. నిబంధన మారింది, లాభం అందింది, అంతే. పేదలకు వచ్చే సాయం కూడా అలాగే రావచ్చని ఈ ఉదాహరణే చెబుతోంది.

హక్కుగా రాసినప్పుడు

ఉపాధి హామీ పనులు దేశంలో మొదట ప్రారంభమైంది 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. 2005 నాటి ఆ చట్టం పని అడిగిన 15 రోజుల్లో చూపించాలని, లేదంటే భృతి ఇవ్వాలని చెప్పింది. భృతి అందినవారు అరుదు, కూలి డబ్బుల ఆలస్యం ప్రతి ఏటా వార్తే. అయినా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీలు ఒక కొత్త దృశ్యాన్ని తెచ్చాయి. మండల కేంద్రంలో షామియానా కింద మస్టర్ రోల్, అంటే కూలీల హాజరు పట్టీ చదువుతుంటే, ఆ రోజు నేను పనికే రాలేదు, నా పేరున డబ్బు ఎవరు తీసుకున్నారని కూలి మనిషి మైకులో అడగడం, ఫీల్డ్ అసిస్టెంట్ జవాబు చెప్పుకోవాల్సి రావడం. చేతులు కట్టుకుని నిలబడే వరస అక్కడ కాసేపైనా తిరగబడింది.

మెక్సికోలో దశాబ్దాలపాటు ఒకే పార్టీ పాలించింది. ఆ కాలంలో సాయం పార్టీ మనుషుల ద్వారానే అందేదన్న పేరుంది. 1997లో వచ్చిన నగదు బదిలీ పథకంలో కుటుంబాలను సర్వే లెక్కలతో ఎంచారు. ఇది ప్రజల కార్యక్రమమని, ఏ రాజకీయ పార్టీకీ సంబంధం లేదని పథకాల కాగితాల మీద, ప్రచారంలో ముద్రించాలని తర్వాత బడ్జెట్ నిబంధనల్లోనే చేర్చారు. మన దగ్గర ఫొటో ఉండే చోట అక్కడ ఆ వాక్యం ఉంటుంది. దాంతో ఓట్ల బేరం మాయమైందని ఎవరూ అనరు కానీ, నీ పేరు కొట్టేయిస్తానని బెదిరించే శక్తి స్థానిక నాయకుడికి తగ్గింది.

ఇప్పుడు ఖాళీ ఎక్కడ

తెలంగాణలో 5 లక్షల రూపాయల ఇందిరమ్మ ఇళ్లకు 2024 అక్టోబరులో గ్రామ కమిటీలు వేశారు. దరఖాస్తులు లక్షల్లో, ఇళ్లు విడతల్లో. పై లెక్క ప్రకారం చూస్తే పైరవీకి కావలసిన సరుకంతా ఇక్కడ ఉంది. కమిటీలో ఎవరున్నారన్న దానికంటే, పేరు రానివారికి కారణం రాతపూర్వకంగా అందుతుందా లేదా అన్నది ఎక్కువ ప్రభావం చూపుతుంది.

కంప్యూటర్ ఈ సమస్యను తీరుస్తుందన్న ఆశకూ పరిమితి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో అర్హతను ఆరు దశల్లో యంత్రమే తేలుస్తుంది. భూమి, కారు, ప్రభుత్వ ఉద్యోగం, ఆదాయపు పన్ను, పట్టణంలో ఇంటి విస్తీర్ణం, నెలకు సగటున 300 యూనిట్ల కరెంటు. అద్దెకుండే మనిషి ఆధార్ పొరపాటున ఇంకో మీటరుకు లింకైతే యూనిట్లు దాటిపోయి పింఛను ఆగిపోతుంది. సచివాలయంలో అడిగితే స్క్రీన్ మీద కారణం కనిపిస్తుంది, కానీ సరిచేయడం వాళ్ల చేతుల్లో ఉండదు, కరెంటు ఆఫీసుకు వెళ్లమంటారు. అక్కడ ఆధార్ విడదీయాలంటే అర్జీ, దాని తర్వాత మళ్లీ సచివాలయం, మళ్లీ వెరిఫికేషన్. ఈలోపు రెండు నెలలు గడుస్తాయి. ఆ రెండు ఆఫీసుల్లోనూ ఫోన్ చేసి చెప్పగల మనిషి ఊళ్లో ఎవరో అందరికీ తెలుసు. అర్జీదారు నేరుగా అతని ఇంటికే వెళ్తాడు.